తలుపు తెరిస్తే చాలదు: విత్తన రంగంలో బహిరంగ నవకల్పన

రబీ, వేసవి కాలాలలో నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పరిసరాలలో సంకర సజ్జ విత్తనోత్పత్తి క్షేత్రాలు కనిపిస్తాయి. ఆడ, మగ వరుసలను విడివిడిగా విత్తి, కేళీలను ఎప్పటికప్పుడు ఏరివేసి, ఆడ వరుసల కంకులను ప్రత్యేకంగా కోసి రైతులు అందించిన విత్తనం శుద్ధి కేంద్రాల మీదుగా ఉత్తరాది రాష్ట్రాల దుకాణాలకు చేరుతుంది. సంచి మీద ఒక్క కంపెనీ పేరే ఉంటుంది. సంచిలోని విత్తనానికి మాత్రం కర్తలు అనేకులు. ఆడ వంశంలోని పురుష వంధ్యత్వం ఒక ప్రభుత్వ పరిశోధనా స్థానం నుంచి, తెగులును తట్టుకునే గుణం ఏదో ఒక దేశంలోని రైతుల దేశవాళీ రకం నుంచి, మగ వంశం ఒక అంతర్జాతీయ సంస్థ నుంచి, తుది కలయిక కంపెనీ సొంత క్షేత్రం నుంచి వచ్చి ఉండవచ్చు. ఒక సంస్థ గోడల లోపలే పుట్టి, పెరిగి, సంచిలోకి చేరిన విత్తనం బహు అరుదు.

వాణిజ్య ప్రపంచం గత రెండు దశాబ్దాలుగా ‘ఓపెన్ ఇన్నోవేషన్’ పేరిట చర్చిస్తున్న పద్ధతి విత్తన రంగానికి కొత్తది కాదు. తెలుగులో దీనిని బహిరంగ నవకల్పన అనవచ్చు. అయితే ఇటీవల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, విత్తన కంపెనీలు, అంకుర సంస్థలు పరస్పరం కుదుర్చుకుంటున్న అవగాహన ఒప్పందాల సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఒక అపోహ కూడా పెరుగుతున్నది. తలుపులు తెరిస్తే నవకల్పన దానంతటదే జరుగుతుందన్నదే ఆ అపోహ. విత్తన రంగ చరిత్ర ఇందుకు భిన్నమైన పాఠం చెబుతున్నది. బయటి జ్ఞానాన్ని గ్రహించే శక్తి లోపల ఉన్నప్పుడు, ఇచ్చిపుచ్చుకొనే షరతులు ముందే స్పష్టమైనప్పుడు, మూలాన్ని కాపాడినవారికి ఫలితంలో భాగం చేరినప్పుడు మాత్రమే బహిరంగ నవకల్పన నిలిచింది. ఈ మూడింటిలో మూడవది అత్యంత నిర్లక్ష్యానికి గురైనది.

భావన, ఆచరణ

ఈ పదానికి ప్రాచుర్యం కల్పించినవారు అమెరికాకు చెందిన ఆచార్యులు హెన్రీ చెస్‌బరో. 2003లో వెలువడిన తమ గ్రంథంలో ఆయన ఇరవయ్యవ శతాబ్దపు పెద్ద కంపెనీల పరిశోధనా విధానాన్ని ‘మూసిన’ విధానంగా వర్ణించారు. పరిశోధన, అభివృద్ధి, ఉత్పత్తి, అమ్మకం అన్నీ ఒకే కప్పు కింద జరగాలన్నది ఆ విధానపు మూల సూత్రం. శాస్త్రజ్ఞులు ఉద్యోగాలు మారడం, విశ్వవిద్యాలయాలలో పరిశోధన విస్తరించడం, చిన్న సంస్థలకు పెట్టుబడి లభించడం వంటి కారణాల వల్ల ఆ సూత్రం బలహీనపడిందని ఆయన వాదన. ఉపయోగకరమైన జ్ఞానం అంతటా పరచుకొని ఉన్నప్పుడు కంపెనీ బయటి ఆలోచనలను లోపలికి తెచ్చుకోవాలి, తాను వాడుకోలేని ఆలోచనలను బయటివారికి అప్పగించాలి. ఈ రెండు దిశల ప్రవాహమే బహిరంగ నవకల్పన.

దీనికి తరచుగా చెప్పే ఉదాహరణ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ. 2000లో ఆ సంస్థ పగ్గాలు చేపట్టిన ఎ.జి. లాఫ్లీ, కొత్త ఉత్పత్తులలో సగం బయటి ఆలోచనల తోడ్పాటుతో రావాలని లక్ష్యం విధించారు. ప్రింగిల్స్ అనే బంగాళాదుంప చిరుతిండి మీద తినదగిన సిరాతో బొమ్మలు, వాక్యాలు ముద్రించాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆ సాంకేతికతను సొంతంగా కనిపెట్టడానికి బదులు ఇటలీలోని బొలోన్యా నగరంలో ఒక చిన్న బేకరీ వద్ద ఉన్న పద్ధతిని సంస్థ తెచ్చుకున్నది. 2001లో ఎలై లిల్లీ అనే ఔషధ సంస్థ ఆరంభించిన ఇన్నోసెంటివ్ మరొక మార్గం చూపింది. తాము పరిష్కరించలేకపోయిన సమస్యను బహిరంగంగా ప్రకటించి, పరిష్కారం పంపినవారికి బహుమతి చెల్లించే ఏర్పాటు అది.

ఈ ఉదాహరణలలో ఎక్కువగా చర్చకు రాని అంశం ఒకటి ఉన్నది. బయటి ఆలోచనల కోసం వెదికిన కాలంలోనూ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో సుమారు 7,500 మంది పరిశోధకులు ఉన్నారు. బొలోన్యా బేకరీ పద్ధతి తమ అవసరానికి తగినదని గుర్తించి, దానిని భారీ ఉత్పత్తికి అనువుగా మలచినవారు లోపలి నిపుణులే. ఇన్నోసెంటివ్ పద్ధతిలో కూడా సమస్యను పరాయి రంగపు శాస్త్రవేత్తకు అర్థమయ్యేలా రాయగలిగినవాడు లోపల ఉండాలి. ప్రశ్నను సరిగా అడగడం సగం పరిశోధన. ఆ సగాన్ని బయటివారికి అప్పగించడం సాధ్యపడదు.

సజ్జ నేర్పిన మొదటి పాఠం

విత్తన రంగంలో ఈ సత్యం చేదు అనుభవం ద్వారా తెలిసివచ్చింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో గ్లెన్ బర్టన్ రూపొందించిన టిఫ్ట్ 23ఏ అనే పురుష వంధ్య వంశం 1960వ దశకం తొలి సంవత్సరాలలో భారతదేశానికి చేరింది. దాని ఆధారంగా లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రూపొందిన హెచ్‌బీ 1 రకం 1965లో విడుదలయింది. దేశంలో మొదటి సంకర సజ్జ అదే. 1970-71 నాటికి దేశపు సజ్జ ఉత్పత్తి సుమారు 80 లక్షల టన్నులకు చేరింది. దేశం వెలుపలి జ్ఞానాన్ని స్వీకరించడం వల్ల కలిగిన ఘనవిజయంగా దీనిని అందరూ గుర్తించారు.

ఆ విజయం కొద్దికాలమే నిలిచింది. వేరువేరు సంకర రకాలకు ఒకే ఆడ వంశం ఆధారమయింది. ఆ వంశం వెర్రికంకి తెగులును తట్టుకోలేదు. 1971 నుంచి తెగులు ఉధృతమై, దానికి కరువు కూడా తోడై ఉత్పత్తి తీవ్రంగా పడిపోయింది. జరిగిన తప్పు బయటి వంశాన్ని స్వీకరించడంలో లేదు. దానిని యథాతథంగా వాడుకుంటూ, స్థానిక తెగుళ్లకు తగిన ప్రత్యామ్నాయ వంశాలను తగినంత వేగంగా తయారు చేసుకోకపోవడంలో ఉన్నది. ఒకే ద్వారం గుండా వచ్చిన ఒకే వస్తువు మీద అందరూ ఆధారపడితే అది బహిరంగ నవకల్పన అనిపించుకోదు, సామూహిక పరాధీనత అవుతుంది. పేర్లు వేరైనా లోపల వంశం ఒకటే అయినప్పుడు రైతుకు నిజమైన ఎంపిక ఉండదు.

పటాన్‌చెరు ప్రయోగం

1972లో హైదరాబాద్ సమీపాన పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ ఈ కొరతను తీర్చడంలో ప్రధాన పాత్ర వహించింది. వెర్రికంకిని తట్టుకునే, వైవిధ్యం గల జనక వంశాలను రూపొందించి ప్రభుత్వ సంస్థలకు, ప్రైవేటు కంపెనీలకు పంచింది. 1990వ దశకం చివరికి అంతర్జాతీయ పరిశోధనకు అందే నిధులు తగ్గుముఖం పట్టాయి. అదే కాలంలో దేశంలో ప్రైవేటు విత్తన కంపెనీలు బలపడ్డాయి. వాటి సంకర రకాలలో గణనీయమైన భాగం ఇక్రిశాట్ వంశాల మీద ఆధారపడి ఉన్నది. వంశాలు వాడుకొనేవారు ఉన్నారు, వాటిని తయారు చేసే పనికి డబ్బు లేదు.

ఈ నేపథ్యంలో 2000 సంవత్సరంలో జొన్న, సజ్జ పంటలకు సంకర జనక వంశాల పరిశోధనా కన్సార్షియం ఏర్పడింది. 2004లో కంది పంట కూడా చేరింది. దీని నిర్మాణం సరళమైనది. సభ్య కంపెనీలు నిర్ణీత రుసుము చెల్లించి పరిశోధన వ్యయంలో పాలుపంచుకుంటాయి. క్షేత్ర సందర్శన దినాలలో వాటి ప్రజనన శాస్త్రవేత్తలు పటాన్‌చెరు మళ్లలో నిలిచిన వంశాలను స్వయంగా పరిశీలించి కావలసినవి ఎంచుకుంటారు. వాటితో తమ సొంత వంశాలను కలిపి తమ సంకర రకాలను తయారు చేసుకుంటారు. అయితే ఏ కంపెనీకీ ఏ వంశం మీదా ఏకస్వామ్యం లభించదు. ప్రభుత్వ రంగ పరిశోధకులకు ద్వారం ఎప్పటివలె తెరిచే ఉంటుంది.

ఈ ఏర్పాటులోని వివేకం పోటీకి, సహకారానికి మధ్య గీసిన గీతలో ఉన్నది. జనక వంశాల తయారీ దీర్ఘకాలపు పని, వ్యయంతో కూడినది, ఫలితం అనిశ్చితమైనది. దానిని అందరూ కలిసి భరిస్తారు. ఏ వంశాన్ని దేనితో కలపాలి, ఏ ప్రాంతానికి ఏ కాలపరిమితి రకం ఇవ్వాలి, విత్తనోత్పత్తి ఎక్కడ చేయించాలి అన్న దశ నుంచి ఎవరి పోటీ వారిది. ఒకే వంశం పది కంపెనీలకు చేరినా పది భిన్నమైన సంకర రకాలు వెలువడే అవకాశం ఉంటుంది. హెచ్‌బీ 1 కాలపు పరిస్థితికి, దీనికి మధ్య భేదం ఇదే.

స్వీకరించే శక్తి

కన్సార్షియంలో సభ్యత్వం అందరికీ ఒకే వస్తువును ఇస్తుంది, కానీ ఫలితం అందరికీ ఒకే విధంగా ఉండదు. సొంత ప్రజనన విభాగం, తెగుళ్ల పరీక్షా క్షేత్రాలు, వివిధ మండలాలలో ప్రయోగ కేంద్రాలు కలిగిన కంపెనీ ఒక కవరులో వచ్చిన కొద్దిపాటి గింజల నుంచి కొన్ని సంవత్సరాలలో మంచి రకాన్ని తేగలదు. అవి లేని కంపెనీకి ఆ కవరు శీతల గదిలోని మరొక కవరుగానే మిగులుతుంది. 1990లో వెస్లీ కోహెన్, డేనియల్ లెవింథాల్ అనే నిర్వహణ శాస్త్రవేత్తలు దీనికి ‘స్వీకరణ సామర్థ్యం’ అని పేరు పెట్టారు. బయటి జ్ఞానపు విలువను గుర్తించి, జీర్ణించుకొని, ప్రయోజనంగా మార్చే శక్తి ఆ సంస్థకు అంతకుముందు ఉన్న జ్ఞానం మీద ఆధారపడుతుందని వారు ప్రతిపాదించారు. వ్యవసాయ పరిభాషలో చెప్పాలంటే, వాన అన్ని పొలాల మీదా సమానంగా కురిసినా తేమను నిలుపుకొనేది సేంద్రియ పదార్థం గల నేల మాత్రమే.

సంకర కంది ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కజానస్ కజానిఫోలియస్ అనే అడవి జాతి నుంచి లభించిన కణద్రవ్య వంధ్యత్వం ఆధారంగా ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రూపొందించిన ఐసీపీహెచ్ 2671 రకం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలయింది. పప్పుధాన్యాలలో ఈ పద్ధతిన వచ్చిన సంకర రకం వాణిజ్య సాగుకు చేరడం ప్రపంచంలోనే అపూర్వం. అటు తర్వాత ఐసీపీహెచ్ 2740 రకం మన్నెంకొండ కంది పేరుతో తెలంగాణకు అందింది. శాస్త్రపరంగా ఇది ప్రశంసార్హమైన విజయం. అయినప్పటికీ సంకర కంది ఆశించినంత వేగంగా విస్తరించలేదు.

ఇందుకు విత్తనోత్పత్తిలోని క్లిష్టత ఒక ముఖ్య కారణం. కందిలో ఆడ వరుసలకు పుప్పొడిని మోసుకువెళ్లేవి కీటకాలు, ప్రధానంగా తేనెటీగలు. పురుగుమందుల పిచికారీ అధికంగా ఉన్నచోట అవి రావు. కంది విస్తారంగా సాగయ్యే ప్రాంతంలో వేర్పాటు దూరం దొరకదు. పంటకాలం దీర్ఘం కావడంతో ఒక తప్పు దిద్దుకోవడానికి ఒక సంవత్సరం పడుతుంది. జనక వంశాన్ని కవరులో పంపవచ్చు. ఏ గ్రామంలో వేర్పాటు దూరం లభిస్తుందో, ఏ పొలం గట్టున తేనెటీగలు నిలుస్తాయో తెలిపే అనుభవాన్ని పంపలేము. ఆ అనుభవం విత్తన రైతు వద్ద, క్షేత్ర సిబ్బంది వద్ద ఉంటుంది. వారిని నవకల్పనలో భాగస్వాములుగా పరిగణించని ఒప్పందం కాగితం మీద ఎంత బహిరంగమైనదైనా ఆచరణలో అసంపూర్ణమే.

షరతుల స్పష్టత

రెండవ అంశం హక్కులు, బాధ్యతల విభజన. 2000లో ఇంగో పోట్రికుస్, పీటర్ బేయర్ శాస్త్రజ్ఞులు బంగారు వరిని ప్రకటించినప్పుడు, దాని తయారీలో వాడిన పద్ధతుల మీద హక్కుల పరిశీలన జరిగింది. సుమారు 70 పేటెంట్లు, 32 సంస్థలు అందులో తేలాయి. అయితే తరువాతి కాలంలో సింజెంటాగా మారిన కంపెనీతో కుదిరిన ఒప్పందం ద్వారా మానవతా ప్రయోజనాలకు ఉచిత వినియోగం సాధ్యమయింది. వర్ధమాన దేశాలలో సాలీనా 10,000 డాలర్ల లోపు ఆదాయం గల రైతుకు రుసుము లేదని స్పష్టంగా రాసుకున్నారు. హక్కుల చిక్కుముడి త్వరగానే వీడింది. కానీ జీవభద్రతా అనుమతులు, ప్రజల అంగీకారం ఒప్పందంతో వచ్చేవి కావు. ఫిలిప్పీన్స్‌లో సాగుకు అనుమతి 2021లో గాని లభించలేదు. ఆ అనుమతి కూడా 2024లో న్యాయస్థానం తీర్పుతో నిలిచిపోయింది. కంపెనీల మధ్య షరతులు ఎంత చక్కగా రాసుకున్నా, సమాజంతో చేసుకోవలసిన ఒప్పందం వేరుగా ఉంటుంది.

తెలుగు నేల మీద ఇదే విషయాన్ని బీటీ పత్తి నేర్పింది. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత, మహికో, మోన్‌శాంటో సంస్థల ఉమ్మడి కంపెనీ ఆ జన్యువును అనేక దేశీయ విత్తన కంపెనీలకు లైసెన్సు ద్వారా అందించింది. లోపలి సాంకేతికతను బయటివారికి ఇవ్వడమనే రెండవ దిశ ప్రవాహానికి భారత వ్యవసాయంలో ఇంతకంటె పెద్ద ఉదాహరణ లేదు. జన్యువు వ్యాప్తి అత్యంత వేగంగా జరిగింది. పదేళ్లలో వెయ్యికి పైగా బీటీ సంకర రకాలకు అనుమతులు లభించాయి.

అయితే రెండు షరతులు మొదటినుంచీ వివాదాస్పదంగానో, బలహీనంగానో ఉన్నాయి. ఒకటి ధర. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటినప్పుడు, అందులో జన్యు రుసుము భాగం అధికమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యవహారాల కమిషన్‌ను ఆశ్రయించింది. ఫలితంగా ఆ సంవత్సరమే ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల సరఫరా, ధరల నియంత్రణకు రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. లైసెన్సు ఒప్పందం ఇచ్చేవారికి, పుచ్చుకొనేవారికి మధ్య జరిగింది. అందులోని రుసుము భారం మోసిన రైతుకు ఆ సంప్రదింపులలో స్థానం లేదు. తుదకు ప్రభుత్వమే అతని పక్షాన నిలవవలసి వచ్చింది.

రెండవది జన్యువు సామర్థ్యాన్ని కాపాడే బాధ్యత. బీటీ ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీయేతర విత్తనాన్ని పొలం చుట్టూ రెఫ్యూజియాగా విత్తాలన్నది నియమం. నిరోధక శక్తి గల పురుగులు వాటిలో అవే కలవకుండా, రెఫ్యూజియాలో పెరిగిన సాధారణ పురుగులతో కలిసి నిరోధకత్వం పలుచబడాలన్నది దీని ఉద్దేశం. ఆ చిన్న ప్యాకెట్ చాలా చోట్ల విత్తబడలేదు. చిన్న కమతం గల రైతు పురుగుకు వదిలే వరుసల నష్టాన్ని తానొక్కడే భరించాలి, ప్రయోజనం మాత్రం ఊరందరిది. ఇటువంటి త్యాగానికి పరిహారం ఏ ఒప్పందంలోనూ లేదు. బాధ్యత అనేక కంపెనీలకు పంచుకుపోయి ఎవరిదీ కాకుండా పోయింది. మొదటి తరం బీటీకి గులాబీ రంగు పురుగు తట్టుకొంటున్నదని 2010లో గుజరాత్ నుంచి ప్రకటన వెలువడింది. కొద్ది సంవత్సరాలకే రెండవ తరం బీటీకి కూడా అదే గతి పట్టింది. రెఫ్యూజియా విత్తనాన్ని బీటీ విత్తనంలోనే కలిపి అమ్మే పద్ధతి ఆ తరువాత వచ్చింది. తెలుగు రాష్ట్రాల పత్తి రైతు చివరి ఏరుల కాయను విప్పి చూసి లెక్కించుకొనే నష్టంలో ఈ ఆలస్యపు వాటా కూడా ఉన్నది.

మూలానికి తిరిగి చేరవలసినది

మూడవ అంశం ఫలితంలో భాగం. తెలుగువారికి ప్రీతిపాత్రమైన సాంబ మసూరి వరి ఇందుకు తగిన ఉదాహరణ. బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో విడుదలైన ఈ బీపీటీ 5204 రకానికి గింజ నాణ్యత బలం, బ్యాక్టీరియా ఎండాకు తెగులు బలహీనత. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధనా డైరెక్టరేట్ కలిసి గుర్తుల ఆధారిత ఎంపిక ద్వారా మూడు నిరోధక జన్యువులను చేర్చి, మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో అందించాయి. ఆ మూడింటిలో ఒకటి ఎక్స్‌ఏ 21.

ఆ జన్యువు ప్రయాణం దీర్ఘమైనది. దాని మూలం పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి. అది తెగులును తట్టుకుంటుందని కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థలో గమనించారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఆ గుణాన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును వేరుచేసింది. కంపెనీలు ఆసక్తి చూపాయి. అప్పుడు ఆ విశ్వవిద్యాలయం 1996లో ఒక ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసింది. ఆ జన్యువు వాణిజ్య వినియోగం ద్వారా వచ్చే ఆదాయంలో కొంత భాగం, మూలాన్ని అందించిన మాలి వంటి దేశాల విద్యార్థుల చదువుకు వెచ్చించాలన్నది సంకల్పం. ఉదాత్తమైన ఆలోచనే. కానీ లైసెన్సు పొందిన కంపెనీల నుంచి వాణిజ్య ఉత్పత్తి రాకపోవడంతో నిధికి ఆశించిన సొమ్ము చేరలేదు. లాభం వచ్చిన తరువాత ఇస్తామన్న వాగ్దానం మీద మాత్రమే ఆధారపడితే, లాభం రాని సందర్భంలో మూలానికి దక్కేది శూన్యమని ఈ అనుభవం తెలుపుతున్నది.

సజ్జలోనూ ఇదే కథ. ఇనుము అధికంగా గల సజ్జ రకం ధనశక్తికి మాతృక ఐసీటీపీ 8203. అది టోగో దేశపు రైతులు తరతరాలుగా విత్తుకున్న ఇనియాడి దేశవాళీ సజ్జ నుంచి పటాన్‌చెరులో ఎంపికయింది. భారతదేశపు పిల్లల, గర్భిణుల రక్తహీనతను తగ్గించగల గింజకు మూలం ఆ రైతుల ఎంపికలో ఉన్నది.

భారతదేశం 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఈ విషయంలో అనేక దేశాల చట్టాల కన్న ముందున్నది. విత్తనాన్ని దాచుకొనే, విత్తుకొనే, మార్చుకొనే, బ్రాండు లేకుండా అమ్ముకొనే హక్కును రైతుకు ఇచ్చింది. రకాన్ని నమోదు చేసుకొనేవారు గిరిజన, గ్రామీణ కుటుంబాలు కాపాడిన జన్యుసంపదను వాడి ఉంటే వెల్లడించాలన్నది. ఫలితంలో భాగం కోరే అవకాశం, అందుకొక జన్యు నిధి కల్పించింది. లోపం ఆచరణలో ఉన్నది. భాగం కావలసినవారు తామే ముందుకు వచ్చి కోరాలి. తన తాతల నాటి జొన్న ఏ కంపెనీ జనక వంశంలో కలిసిందో ఆదిలాబాద్ గిరిజన రైతుకు తెలిసే మార్గం లేదు. తెలియని హక్కును ఎవరూ కోరలేరు.

అభ్యంతరాలు

ఈ వాదనకు రెండు వైపుల నుంచి అభ్యంతరాలు రావడం సహజం. ప్రజాధనంతో తయారైన వంశాలను కంపెనీలకు ఇవ్వడమే తప్పని, లాభం వారిది, వ్యయం ప్రజలదని కొందరి అభిప్రాయం. ఈ ఆవేదనలో న్యాయం లేకపోలేదు. అయితే వంశాలను శీతల గదిలో బంధించినందువల్ల రైతుకు ఒరిగేదేమీ లేదు. మంచి రకం ప్రజనన విత్తన దశ నుంచి లక్షల ఎకరాలకు చేరడానికి కావలసిన గుణకార వ్యవస్థ విశ్వవిద్యాలయాల వద్ద పరిమితంగానే ఉన్నది. ప్రశ్న ఇవ్వాలా వద్దా అన్నది కాదు, ఏ షరతు మీద ఇవ్వాలన్నది.

షరతులు పెరిగితే కంపెనీలు వెనుకకు తగ్గుతాయని, వేగం మందగిస్తుందని మరికొందరి భయం. పటాన్‌చెరు కన్సార్షియం దీనికి సమాధానం. రుసుము ఉన్నా, ఏకస్వామ్యం లేకపోయినా కంపెనీలు అందులో చేరాయి. నియమాలు అందరికీ ఒకటే కావడం, పొందేది ఏమిటో ముందే తెలియడం ఇందుకు కారణం. కంపెనీలు వెనుదీసేది షరతులను చూసి కాదు, అస్పష్టతను చూసి. మధ్యలో మారే నియమం, ఒకరికి ఒకలా మరొకరికి మరోలా వర్తించే నియమం ఏ సహకారాన్నయినా చెడగొడుతుంది.

చేయవలసినవి

పై అనుభవాల దృష్ట్యా ఒప్పందాలు కుదుర్చుకొనే వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కంపెనీలు కొన్ని విషయాలు పాటించడం అవసరం.

మొదటిది, ప్రజాధనంతో రూపొందిన రకాలు, జనక వంశాల మీద ఏ కంపెనీకీ ఏకస్వామ్య హక్కు ఇవ్వరాదు. ఒకే వంశం అతిగా వ్యాపించకుండా దాని మీద ఆధారపడిన రకాల విస్తీర్ణాన్ని ఏటా సమీక్షించాలి. హెచ్‌బీ 1 అనుభవం పునరావృతం కాకుండా ఉండడానికి ఇదే మార్గం.

రెండవది, లైసెన్సు ఆదాయంలో నిర్ణీత భాగాన్ని ప్రజనన విభాగాలకే తిరిగి కేటాయించాలి. ఖాళీగా ఉన్న ప్రజనన శాస్త్రవేత్తల స్థానాలను ఒప్పందాలతో భర్తీ చేయలేము. ఇవ్వడానికి కొత్త వంశం లేని విశ్వవిద్యాలయం కొద్ది సంవత్సరాలలో సంతకం చేయడానికి మాత్రమే మిగులుతుంది. సొంత పరిశోధనా విభాగాన్ని మూసివేసి బయటి వంశాల మీదనే బతకదలచిన కంపెనీకి కూడా ఇదే వర్తిస్తుంది.

మూడవది, ప్రతి ఒప్పందంలో సంరక్షణ బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయాలి. తెగులు నిరోధకత్వం తగ్గుతున్నదా, పురుగు తట్టుకొంటున్నదా అని పరీక్షించేదెవరు, ఆ వ్యయం భరించేదెవరు, ఫలితాన్ని రైతుకు ఎంతకాలంలో తెలపాలి అన్నవి అందులో ఉండాలి.

నాలుగవది, మూలానికి చేరవలసిన భాగంలో కొంత లాభంతో నిమిత్తం లేకుండా ఒప్పందం నాడే చెల్లించాలి. నమోదు దరఖాస్తులో తెలిపిన దేశవాళీ మూలాల వివరాలను తెలుగులో గ్రామ స్థాయికి చేర్చే బాధ్యతను కృషి విజ్ఞాన కేంద్రాలకు అప్పగించవచ్చు. భాగం కోరే దరఖాస్తు తయారీలో అవే రైతుకు తోడ్పడాలి.

ఐదవది, విత్తనోత్పత్తి రైతును కూలీగా కాక భాగస్వామిగా పరిగణించాలి. జనక విత్తనం లోపం వల్ల మొలక శాతంలో, జన్యు స్వచ్ఛతలో తేడా వస్తే ఆ నష్టం రైతు మీద పడకుండా ఒప్పందం తెలుగులో రాసి ప్రతిని అతని చేతికి ఇవ్వాలి. క్షేత్రంలో అతడు గమనించిన పూత తేడాలు, తెగుళ్లు, కేళీల వివరాలు ప్రజనన శాస్త్రవేత్తకు చేరే ఏర్పాటు ఉండాలి.

వీటిలో ఏదీ అధిక వ్యయంతో కూడినది కాదు. మొదటి నాలుగింటిని విశ్వవిద్యాలయాల పాలక మండళ్లు, పరిశోధనా సలహా సంఘాలు తమ స్థాయిలో చేపట్టవచ్చు. ఐదవదానికి కంపెనీల సమ్మతి కావాలి. వచ్చే రబీకి ఆర్మూరు రైతు చేతికి ఒక ఆడ వంశపు సంచి, ఒక మగ వంశపు సంచి అందుతాయి. వాటితో పాటు అతడు చదువుకోగల ఒప్పంద పత్రం కూడా అందితే ఆ సమ్మతి లభించినట్లు భావించవచ్చు.